సున్నా వేసిన గడి

గురువారం, భీమడోలు

కొల్లేరు ఒడ్డున చేపల లెక్క రాసే ఈ ఉద్యోగంలో మూడు నెలలుగా తప్పు చేస్తున్నానని ఇవాళ తెలిసింది. "అక్కర్లేకుండా వలలో పడ్డవి" అన్న గడిలో రోజూ సున్నా వేస్తున్నాను. ఒడ్డుకొచ్చిన బుట్టలో అవి కనపడవు మరి. దోనె మీద వస్తూ వస్తూనే వాటిని ఏరి నీళ్లలో పారేస్తారట. ఒక్కసారైనా దోనె ఎక్కి చూడని మొహం నాది!

పొద్దున్న, ఇక్కడే చేపలు పట్టే నాగమణిగారు ఏరకుండానే బుట్ట తెచ్చి నా ముందు బోర్లించారు. జెల్ల చేపల కింద వేలెడేసి కొర్రమీను పిల్లలు, ఊపిరాడక చచ్చిన తాబేలు ఒకటి.

"ఇవన్నీ రాయిస్తే మన సన్నకన్ను వల తీసేయమంటారే," అన్నాడు ఆవిడ భర్త.

"ఉన్నవే కదండీ రాస్తారు. పిల్లల్నే ఇలా చంపుకుంటుంటే, కొర్రమీను ఏదీ అని ఎవర్ని అడుగుతాం? మీరు రాయండి మేడంగారూ," అన్నారావిడ.

అన్నీ తూచి రాశాను. కానీ ఆ వల పోతే వాళ్లకి గడిచేదెలా? ఇప్పటికీ గుబులుగానే ఉంది. నేనైతే ఆ బుట్ట తెచ్చేదాన్నేనా... వాళ్ల మీదకి రాకూడదని ఆవిడ పేరు రాయకుండానే కాగితం మడవబోయాను.

ఆవిడ చెయ్యి అడ్డుపెట్టారు.

"నా పేరు రాయలేదేంటండీ? పేరు లేకపోతే మీరు పుట్టించిన లెక్క అనుకుంటారు."

ఇంటిపేరుతో సహా నెమ్మదిగా చెప్పి, నేను రాసేదాకా అక్కడే నిలబడ్డారు.