అక్క పూజ అయినంకనే

తమ్మీ యాదగిరీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రేపు మన హాలియా ఇంట్లో ల్యాండ్‌లైన్ తీసేస్తారు. ఈలోగా ఒక్కసారి నీ పాత కంప్యూటర్‌కు నెట్ కలిపి చూడాలనిపించింది.

"ఫోన్ల నెట్టుండంగ గీ డబ్బతోని ఏం పనే అక్కా?" అని నవ్వుతూనే మన చెల్లె సుజాత మోడెం వైరు ఫోన్ లైనుకు తగిలించింది. పాస్‌వర్డ్ కోసం కీబోర్డు తిరగేస్తే, అడుగున నువ్వు అంటించిన కాగితం ఉంది. నంబరు, పాస్‌వర్డ్, వాటి కింద ఇంకో మాట: "అక్క పూజ అయినంకనే కలపాలె. మోడెం మస్తు లొల్లి చేస్తది."

పొద్దున నా పూజ వేళ నెట్ ఎందుకు కలపవని అడిగితే, అప్పుడు లైను ఖాళీ ఉండదని నాతో చెప్పేవాడివి. నేను నమ్మాను.

ఇవాళ దీపం వెలిగించి, పూజ మధ్యలోనే కలపమన్నాను. మోడెం కీచుమన్నంతసేపూ చేతులు జోడించే ఉన్నాను. "కలిసిందే అక్కా" అని సుజాత అనేదాకా కళ్లు తెరవలేదు.

నీ అక్క