గంజి పెట్టని చొక్కా

మార్చి 11, మంగళవారం
షాపు తలుపు తీయకముందు

చిరంజీవి తూనీగకు,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ వదినా బాగున్నాం. నువ్వు బాగున్నావని తలుస్తాను అని రాయాలి, కానీ బాగా లేవని తెలిసింది కాబట్టి రాయడం లేదు. బావను, పిల్లను అడిగినట్టు చెప్పు.

నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. నిన్న రెండుసార్లు నీకు ఫోన్ కలిపి, నువ్వు ఎత్తేలోపే పెట్టేశాను. ఫోన్ పట్టుకుంటే నాకు నోరు పెగలదు. కాగితమైతే ఎదురు మాట్లాడదు. ఇది నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువు. తర్వాత ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ఆదివారం నీ కూతురు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, కోపంగా మాట్లాడింది. పదమూడు రోజులు రేడియేషన్‌కి వెళ్ళి గురువారం నుంచి మానేశావట. చంక కింద, రొమ్ము కింద చర్మం నల్లబడి పొరలు లేచి మండుతోందట. గడ్డ కోసి తీసేశారు కదా, ఇక ఈ కాల్చుకోవడం నావల్ల కాదు అన్నావట. మెషిన్ దగ్గర ఉండే అతను మగవాడు, అతనికి ఏం చూపించను, ఏం చెప్పను అన్నావట. మధ్యలో ఎన్ని రోజులు ఆగితే అంత నష్టమని డాక్టరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పినా కదల్లేదట. మామయ్యా, అమ్మ నీ మాటయితే వింటుంది అంది. నా మాట నువ్వు విన్న రోజు ఒక్కటీ నాకు గుర్తు రావడం లేదు. అయినా రాస్తున్నాను. ఇంకా పన్నెండు రోజులు మిగిలాయి. ఈ ఉత్తరమంతా ఆ పన్నెండు రోజుల కోసం.

ముందు నీకొక సంగతి చెప్పాలి. మూడేళ్ళ క్రితం నీ కూతురికి ఉద్యోగం వచ్చిందని రమ్మని పిలిచావు. మోకాలి నొప్పి, రాలేనన్నాను. మోకాలు బాగానే ఉంది. నాకు నీకొచ్చిన జబ్బే వచ్చింది. రొమ్ము కేన్సరు, ఎడమ వైపు. అరుదుగా మగవాళ్ళకీ వస్తుందట. డాక్టరు ఆ మాట చెబితే నేను నమ్మలేదు. కాగితాలు తారుమారయ్యాయేమో చూడండి అన్నాను. మన షాపులో ఒకరి బట్టలు ఇంకొకరి మూటలోకి వెళ్ళడం లేదూ, ఇక్కడా అంతే అనుకున్నాను.

ఇస్త్రీ బల్ల అంచు తగిలి గడ్డ కట్టిందని ఆరు నెలలు ఊరుకున్నాను. మీ వదిన కంటబడ్డాక లాక్కెళ్ళింది. ఆపరేషన్ అయింది. తర్వాత రేడియేషన్, ఇరవై అయిదు రోజులు. ఎవరికీ చెప్పనని మీ వదిన చేత ఒట్టు వేయించుకున్నాను. ఆడవాళ్ళ జబ్బు వచ్చిందని ఎలా చెప్పుకోను? నీకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు నీ గడ్డను రెండు నెలలు ముందే చూపించుకునేదానివేమో. ఆ ఆలోచన నన్ను తినేస్తోంది. క్షమించమని రాయడం నాకు చేతకాదు. రాసినట్టే అనుకో.

నీకు సిగ్గుగా ఉందన్నావట కదా. నా సంగతి విను. ఆస్పత్రిలో ఆ గది కింది అంతస్తులో ఉంది. బయట ఆకుపచ్చ కుర్చీలు రెండు వరుసలు, అన్నిట్లోనూ ఆడవాళ్ళే. మొదటి రోజు ఫారం నింపే అమ్మాయి తలెత్తకుండా, గర్భవతా అని అడిగింది. కాదన్నాను. అప్పుడు తలెత్తి చూసింది. మిగతా ఫారం నన్ను అడక్కుండానే నింపేసింది.

మెషిన్ దగ్గర ఉండేది నీ కూతురి వయసు పిల్ల. నీకు మగవాడు, నాకు ఆడపిల్ల. ఏం చేస్తాం? అందరూ వెళ్ళాక నన్ను ఆఖర్న పిలవమని ఆ పిల్లను బతిమాలుకున్నాను. నా పక్క కుర్చీలో పళ్ళ దుకాణం నడిపే ఒకావిడ కూర్చునేది. నాకంటే వారం ముందు మొదలుపెట్టింది. మీ ఆవిడ లోపలుందా అన్నయ్యా అని అడిగింది. తలూపాను. ఊపకుండా ఉండాల్సింది. మూడు రోజులు ఆ వరుసలో వాళ్ళంతా నా భార్య ఎప్పుడు బయటికొస్తుందా అని తలుపు వైపు చూశారు. పాపం, ఎంతసేపు ఉంచుతున్నారో అని జాలిపడ్డారు. నాలుగో రోజు మెషిన్ అమ్మాయి సెలవు. బదులు వచ్చినామె జాబితా చూసి నా పేరు మధ్యలోనే పిలిచింది. లేచాను. పళ్ళావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అయితే మీ ఆవిడ మీరేనా?" అంది.

వరుసంతా నవ్వింది. నేల చీలితే దిగిపోదామనుకున్నాను. లోపల బల్ల మీద పడుకున్నాక నాకూ నవ్వొచ్చింది. కదలొద్దని స్పీకర్లో కేకలేశారు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. మెషిన్ గురి కోసం ఒంటి మీద సిరా గీతలు గీస్తారు కదా, నీకూ గీసి ఉంటారు. నలభై ఏళ్ళు జనం చొక్కాల మీద సిరా మరకలు తీసి బతికినవాణ్ణి, నా ఛాతీ మీద మరక పెట్టుకుని ఎలా ఉంటాను? స్నానం చేస్తూ బట్టల సబ్బుతో, పీచుతో తోమి మొత్తం తీసేశాను. ఆనవాలు కూడా లేదు. మర్నాడు మెషిన్ అమ్మాయికి చూపిస్తే తల పట్టుకుని కూర్చుంది. మళ్ళీ కొలతలు తీసి గీయడానికి గంట పట్టింది. తోమిన చోట చర్మం కందిపోయింది. ఆ కందిన చోటే మళ్ళీ రేడియేషన్. నువ్వు ఆ గీతల జోలికి పోకు.

రెండో వారంలో మంట మొదలైంది. ముందు ఎరుపు, తర్వాత దురద. తర్వాత, ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆనితే తెల్ల గుడ్డ గోధుమ రంగుకు తిరుగుతుందే, ఆ రంగు. దీన్ని జనం కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇస్త్రీ పెట్టే గుర్తొచ్చేది. లోపలంతా మాడిపోతోందని నేనూ నీలాగే అనుకున్నాను. మాడిన గుడ్డను ఎవరూ బాగుచేయలేరు, నాకు తెలుసు. కానీ చర్మం గుడ్డ కాదు తూనీగా. అది మళ్ళీ పుడుతుంది. చివరి రోజు అయ్యాక కూడా ఒకటి రెండు వారాలు మంట ఉంటుంది, తర్వాత దిగుతుంది. నాకు నెల దాటేసరికి కొత్త చర్మం వచ్చింది. కాస్త రంగు తేడా, అంతే.

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా లేకుండా నేను వీధిలో అడుగు పెట్టనని నీకు తెలుసు. ఆస్పత్రికి ఇంకా చిక్కటి గంజి పెట్టిన చొక్కాలు వేసుకెళ్ళేవాణ్ణి. అంతమంది ఆడవాళ్ళ మధ్య కూర్చోవాలి, నేను కుంగిపోయినా నా చొక్కా అయినా నిలబడి ఉండాలని. దాని జేబు కుట్టు సరిగ్గా మండే చోటే ఒరుసుకునేది. పళ్ళావిడ కొన్నాళ్ళు చూసి చూసి ఒకరోజు చెప్పింది.

"నేను మాగిన పండును మెత్తటి గడ్డిలో పెడతానన్నయ్యా. మీరు మీ ఒంటిని అట్టపెట్టెలో పెట్టుకొస్తున్నారు."

ఇంటికొచ్చి, అరిగి అరిగి పల్చబడ్డ నూలు చొక్కా ఒకటి వెతికాను. జేబు విప్పేశాను. వాసన లేని సబ్బుతో ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాను. గంజి లేదు, ఇస్త్రీ లేదు. కుట్లు ఒంటికి తగలకుండా తిరగేసి తొడుక్కున్నాను. నలభై ఏళ్ళలో మొదటిసారి ముడతల చొక్కాతో మన షాపు ముందు నుంచి నడిచాను. ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన, ఏమండీ షాపులో కరెంటు పోయిందా అన్నాడు. అవునని తలూపి వచ్చేశాను. ఆస్పత్రికి వెళ్ళేసరికి మాత్రం ఒంటికి ఎంత హాయిగా ఉందో.

తర్వాత ఆ వరుసలో వాళ్ళు నన్ను అడగడం మొదలుపెట్టారు. ఏ సబ్బు, ఎన్నిసార్లు జాడించాలి, ఏ గుడ్డ మంచిది అని. ఒకావిడ తన లోపలి బట్టలు సంచిలో తెచ్చి, ఇవి చూసి చెప్పండన్నయ్యా అంది. ఊరందరి బట్టలూ ఉతికాను కానీ అవి ఎవరివని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుంటే నా చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మూసుకుని గుడ్డను వేళ్ళతో తడిమి, ఇందులో సబ్బు పొడి ఉండిపోయిందమ్మా, ఇంకో రెండు నీళ్ళు జాడించండి అని చెప్పాను. రెండు రోజులకు దురద తగ్గిందని వచ్చి చెప్పింది. నేను పదిమందిలో నోరు తెరిచి మాట్లాడానంటే మీ వదిన ఇప్పటికీ నమ్మదు.

నీకూ అదే చెబుతున్నాను. గోరువెచ్చని నీళ్ళు పోసుకో. రుద్దకు, మెత్తటి గుడ్డతో అద్దుకో. సువాసన పౌడరు పూస్తున్నావట, ఆపెయ్యి. పక్కింటావిడ ఇచ్చిన పూతలు ఆవిడకే ఇచ్చెయ్. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన మందు తప్ప ఏదీ రాయకు, అదీ వాళ్ళు చెప్పిన వేళకే. బిగుతు బట్టలు వద్దు. నీకు మూడు చొక్కాలు సిద్ధం చేశాను. జేబుల్లేవు, ముడతలున్నాయి. నా చేతి నుంచి ఇస్త్రీ లేకుండా వెళ్తున్న బట్టలు ఇవే.

నాలుగో క్లాసులో మాస్టారు నన్ను నిలబెట్టి పద్యం చెప్పమంటే నాకు గొంతు రాలేదు. రెండో క్లాసు పిల్లవు, కిటికీ బయట నిలబడి మొత్తం పద్యం నువ్వు చెప్పేశావు. మాస్టారు బెత్తం పట్టుకుని ఎవర్ని కొట్టాలో తెలియక నిలబడిపోయాడు. నువ్వంటే నాకు ఆ రోజు నుంచీ గర్వం. ఆ తర్వాత కాలేజీ హాస్టల్లో రెండు వందల మందికి వండావు. మరుగుతున్న గిన్నెలు ఒంటిచేత్తో దించావు. వేడి నీకు లెక్క కాదు. నిన్ను ఆపింది సిగ్గు. మన ఇంట్లో ఇద్దరికీ వచ్చిన అసలు జబ్బు అదే.

ఇరవై అయిదో రోజు నేను గదిలోంచి బయటికొస్తే వరుసలో ఏడుగురు లేచి నిలబడ్డారు. పళ్ళావిడకు అప్పటికే అయిపోయినా నా కోసం వచ్చింది. ముడతల చొక్కాలో ఉన్నాను. గంజి చొక్కాలో కూడా నేను ఎప్పుడూ అంత నిటారుగా నడవలేదు. ఇరవై అయిదు రోజులూ ఒక్కరోజు మానకుండా వెళ్ళాను. అది ఎవరికీ చెప్పుకోలేకపోయాను. నీకు చెబుతున్నాను, గర్వంగానే చెబుతున్నాను. నీ అన్నయ్య చేయగలిగాడంటే నువ్వు చేయలేవా?

ఇట్లు
నీ అన్నయ్య

తా.క. ఉత్తరం కవరులో పెట్టమని మీ వదినకు ఇచ్చాను. ఆమె మొత్తం చదివి, మళ్ళీ తెచ్చి ఇస్త్రీ బల్ల మీద నా ముందు పెట్టింది. ఒక్కరోజూ మానలేదని రాశారే, అది అబద్ధం కదా అంది. "మీరు గొప్పవారైతే తనకేం ఒరుగుతుంది?" అంది. అందుకని ఇది.

పదహారో రోజు చంక కింద చర్మం ఊడింది. చొక్కా దానికి అంటుకుపోయింది. చెయ్యెత్తి మెషిన్ అమ్మాయికి చూపించాలంటే నావల్ల కాలేదు. నాలుగు రోజులు వెళ్ళలేదు. మీ వదినకు చెప్పలేదు, తర్వాత ఆస్పత్రి కాగితాల్లో తేదీలు చూసి తనే కనిపెట్టింది. రోజూ అదే వేళకు బయల్దేరి, బస్టాపు బెంచీ మీద కూర్చుని, వెళ్ళొచ్చినట్టు ఇంటికొచ్చేవాణ్ణి. ఐదో రోజు పళ్ళావిడ వెతుక్కుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. తిట్టలేదు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. అప్పుడు మెల్లగా, "నాకూ ఊడిందన్నయ్యా. చూపించమంటారా?" అంది.

భయపడి లేచి, వచ్చిన బస్సెక్కేశాను. ఆవిడా ఎక్కింది.

మెషిన్ అమ్మాయి నన్ను చూడగానే డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ పుండు చూసి, ఆపాలా వద్దా అన్నది మేం చూసుకుంటాం, మీరు చెప్పడమే మీ పని అంది. మెత్తటి కట్టు కట్టించి, వేరే మందు ఇచ్చింది. మర్నాడు పదిహేడో రోజు. మానేసిన రోజులన్నీ చివర్లో కలిపారు.

కాబట్టి నేను ఒక్కరోజూ మాననివాణ్ణి కాదు. మానేసి మళ్ళీ వెళ్ళినవాణ్ణి. ఇన్నాళ్ళూ నా గర్వం ఇరవై అయిదో రోజు గురించి అనుకున్నాను. రాస్తుంటే తెలుస్తోంది, అది ఆ బస్సెక్కిన రోజు గురించి.

ఈ ఉత్తరం పోస్టు చేయడం లేదు. అంత వ్యవధి లేదు. రేపు పొద్దున నేనే తెచ్చి నీ చేతికిచ్చి గుమ్మం బయట నిలబడతాను. అంటే నువ్వు ఈ ముక్క చదివేటప్పటికి నేను బయటే ఉన్నాను. ఆ మెత్తటి చొక్కా తొడుక్కుని, ఆస్పత్రి కాగితాలు తీసుకుని రా. లోపల నీ బదులు నేను చెబుతాను, ఈసారి కిటికీ బయట నువ్వు నిలబడక్కర్లేదు. రానన్నావంటే మీ వీధిలోనే, ఎవరు చూసినా సరే, గుండీలు విప్పి నాది చూపిస్తాను. పై గుండీ మీద ఇప్పటికే చెయ్యి వేసి ఉంచాను.