తిరగబడిన తలుపు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా, నా దగ్గుతో సహా, క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ మరదలూ పిల్లలూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. ఫోన్లో చెప్పేదానికి ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు. నేను చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. మిగతా సగం మీ బావ మీద పడుతుంది. ఆయన పాపం ఊరికే మాటలు పడుతున్నాడు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నీ ఉత్తరమూ, దాంతోపాటు రంగుల కార్డూ అందాయి. నాన్న పనిముట్ల బీరువాకి నువ్వు టిక్కు పెట్టిన లేత నీలమే వేశాను. రంగు వాసన పోయిందా అని అడిగావు. పోయింది. నాన్న వాసన కూడా పోయింది. అరల్లో ఇన్నాళ్లూ నూనె, రంపపు పొట్టు, పొగాకు కలిసిన వాసన ఒకటి ఉండేది. గరుకు కాగితంతో గీకి, రెండు పూతలు వేశాక ఇప్పుడు తెరిస్తే కొత్తగా వెల్ల వేసిన బడిలా ఉంది. నీ ఫర్నిచర్ షోరూములో పెట్టడానికి అదే నప్పుతుందిలే.

లోపల కూడా రంగు వెయ్యి, కస్టమర్లు తెరిచి చూస్తారు అన్నావు. వేశాను. వెనక చెక్క మీద రంపం ఉండే చోట రంపం ఆకారంలో, చిత్రిక ఉండే చోట చిత్రిక ఆకారంలో మరకలు పడి ఉండేవి. ఏ పనిముట్టు ఎక్కడ పెట్టాలో చీకట్లో కూడా తెలిసేది. అవన్నీ ఇప్పుడు నీలం కింద ఉన్నాయి. మోకాలి నొప్పి ఎలా ఉందని కూడా అడిగావు. మోకాలి నొప్పి నాకు కాదు, మీ బావకి. తగ్గింది.

నా పనికేం, చేతినిండా ఉంది. రంగులేసి బొమ్మలంటించమని అమ్మమ్మల కాలం నాటి పెట్టెలు, కుర్చీలు తెచ్చి పడేస్తున్నారు. అందరికీ తెల్ల రంగే కావాలి, అందరికీ గులాబీలే కావాలి. ఈ మధ్య నాకు కళ్లు మూసుకున్నా గులాబీలే కనిపిస్తున్నాయి.

ఇక తలుపు సంగతి. నువ్వు రాసింది నీ మాటల్లోనే మళ్లీ రాస్తున్నాను, మర్చిపోయి ఉంటావు. "అక్కా, బీరువా తలుపు తిరగబడి ఉంది. గడియ ఎడంపక్కన పెట్టారెవరో. తీయబోతే చెయ్యి అడ్డం పడుతోంది. గడియ కుడిపక్కకి వచ్చేలా కొత్త తలుపు చేయించు. పాతది పొయ్యిలో పెట్టెయ్యి. కొత్తదాని మీద నాన్న పనిచేస్తున్న ఫొటో అంటించు. కింద 'నాన్న చేతి కింద నేర్చిన పని' అని రాయి."

ఎవరో అన్నావు. ఆ బీరువా చేసింది నాన్నే కదరా.

సరే, నువ్వు చెప్పినట్టే కొత్త తలుపు చేయించాను. అక్షరాలు బ్రష్షుతో నేనే రాశాను. ఫొటో అంటే, కిటికీ పక్కన బల్ల మీదికి వంగి నాన్న రంపం పట్టుకున్నది. పనిలో ఉండగా తీసిన ఫొటో ఆయనకి అదొక్కటే. ఈ బొమ్మలెలా దించుతామో నీకు తెలియదు కాబట్టి చెబుతాను. ప్రింటు తీయించి, బొమ్మ ఉన్న వైపు జిగురు పూసి, చెక్క మీద బోర్లా అంటిస్తాం. బాగా ఆరాక కాగితాన్ని తడిపి వేలితో రుద్దితే, కాగితం పొట్టుగా రాలిపోయి బొమ్మ చెక్కకే ఉండిపోతుంది. బోర్లా అంటిస్తాం కాబట్టి కుడి ఎడమైపోతుంది. అందుకని ప్రింటే తిప్పి తీయమని షాపువాడికి ముందే చెప్పాలి. నేను చెప్పలేదు. గులాబీలకి కుడీ ఎడమా ఉండవు, చెప్పే అలవాటు తప్పిపోయింది.

కాగితం రుద్దుతుంటే ముందు కిటికీ వచ్చింది, తర్వాత నాన్న ముఖం వచ్చింది. సంతోషంగా ఇంకా రుద్దాను. చెయ్యి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. రంపం కుడిచేతిలో ఉంది.

నాన్నది ఎడమచేతి వాటం. అన్నానికీ కలానికీ కుడి చెయ్యి వాడేవాడు, చిన్నప్పుడు కొట్టి నేర్పించారట. రంపానికీ సుత్తికీ మాత్రం ఎడమ చెయ్యే. అందుకే తన బీరువాకి గడియ ఎడమవైపు పెట్టుకున్నాడు. తిరగబడింది తలుపు కాదు.

తప్పయింది, మళ్లీ చేస్తానని చెప్పడానికే నీకు ఆ తలుపు ఫొటో పంపాను. నేను రెండో ముక్క రాసేలోపే నీ ఫోనొచ్చింది. "అచ్చం నాన్నే అక్కా. పలకరిస్తే పలికేలా ఉన్నాడు. చిన్నప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ణి కదా, ఇలాగే ఉండేవాడు. ఏమీ మార్చకు" అన్నావు. నాకు ఒళ్లు మండింది.

నువ్వు ఎప్పుడు నిలబడ్డావురా? ఊహ తెలిసీ తెలియకముందే నిన్ను అత్తయ్య పెంచుకోవడానికి తీసుకెళ్లింది. నువ్వు సెలవులకి వస్తే నాన్న పని కట్టేసి, రంపపు పొట్టంతా ఊడ్పించి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఆ ఊడ్చింది నేను. ఆయన కోస్తుంటే చెక్క రెండో కొస పట్టుకున్నది నేను. నీ షోరూముకొచ్చే తలుపు మీద మాత్రం ఆ చేతి కింద నేర్చింది నువ్వు.

మీ బావ నీ వైపే మాట్లాడాడు. "వాడు ఇంట్లో ఉంటేగా తెలిసేది. తుడిచేసి మళ్లీ వెయ్యి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. న్యాయమే. గరుకు కాగితం తీసుకుని తలుపు ముందు కూర్చున్నాను కూడా. అప్పుడే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

నాన్నకి పక్షవాతం వచ్చిందని తెలిసి నువ్వు వచ్చిన మధ్యాహ్నం. మంచం పక్కన కూర్చుని ఆయన కుడి చెయ్యి పట్టుకుని, "పోయింది ఎడమ చెయ్యేగా నాన్నా. పనిచేసే చెయ్యి బానే ఉంది, భయం లేదు" అన్నావు. మందు గ్లాసు పట్టుకుని నేను గుమ్మంలోనే ఉన్నాను. నాన్న నీ వైపు చూసి నవ్వాడు. "అవున్రా, బానే ఉంది" అన్నాడు. నువ్వు సాయంత్రం బస్సుకి తేలిక మనసుతో వెళ్లిపోయావు.

నువ్వు వెళ్లాక ఆయన కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్నే చూసుకున్నాడు. తర్వాత నాతో, "వాడికి చెప్పకే అమ్మాయ్. వాడన్నా నన్ను పనోడిగా తలుచుకోనీ" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను. నీకు బాధ కలగాలనే తప్పుతున్నాను. నీకు నవ్వు చూపించాడు, నాకు ఆ చెయ్యి చూపించాడు. ఆ కోపం ఆయన మీద కూడా ఉంది.

రేపు పొద్దున లారీ వస్తుంది. బొమ్మ దిద్దడానికి ఇంకా సమయం ఉంది, కానీ దిద్దను. నాన్న నీకు అందించింది కుడి చెయ్యే. ఆ నాన్ననే నీకు పంపిస్తున్నాను. గడియ కూడా నీ చేతికి అందేలా కుడివైపే ఉంది.

పాత తలుపు పొయ్యిలో పెట్టలేదు. నా పనిగదిలో ఒక అలమారుకి బిగించుకున్నాను. రంగు వేయలేదు, బొమ్మా వేయలేదు. గడియ పక్కన ఆయన వేళ్లకి అరిగిన పల్లం అలాగే ఉంది. రోజూ ఎడమచేత్తో తీద్దామనుకుంటాను, అలవాటుకొద్దీ కుడి చెయ్యే ముందు వెళ్తుంది. చెయ్యి అడ్డం పడుతోంది. ఆ ఒక్కటీ నువ్వు రాసింది నిజమే.

ఇట్లు,
చెక్క రెండో కొస పట్టుకున్న
మీ అక్క