కుడి చేతి సిరా

చిత్తూరు

యతిరాజులు మామకు నమస్కారాలు.

ఇండిపెండెంటుగా నిలబడి ఓడిపోయినా, "మీ నాయన ఓటు నాకు పడింది, అది చాలమ్మా" అని నాయన కర్మనాడు అందరి ముందూ అన్నారు. ఇక ఆ మాట ఎక్కడా అనకండి మామా.

చూపు లేని నాయనకు తోడుగా పోలింగ్ బూతులోకి వెళ్లి మీట నొక్కింది నేనే. ఎవరికీ చెప్పనని అక్కడ సంతకం కూడా పెట్టాను. "ఈసారి పార్టీ వద్దు, మన యతిరాజులుకే వెయ్యి" అన్నాడు నాయన. నలభై ఏళ్లు ఆయన జెండా మోసిన పార్టీ గుర్తు కనిపించేసరికి, తర్వాత బాధపడతాడేమోనని దాన్నే నొక్కాను.

తోడు వెళ్లినవాళ్లకు కుడి చూపుడువేలికి సిరా పెడతారు. బయటికి రాగానే నాయన నా వేలు తడిమి, "తొలిసారి మనిషికి ఓటేసినానమ్మా" అని నవ్వాడు.

మీ స్నేహితుడి కూతురు