వెండి అంచు టీవీ, వంకర గీత

ఎల్బీనగర్,
సెప్టెంబరు 7, ఆదివారం.

చిరంజీవి గ్రేస్‌కు నాయిన దీవించి రాసేది.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అని రాయడం చేతికి పట్టిన అలవాటు. అందరం అంటే నేను, మీ అమ్మ ఫోటో, ట్యూబులైటు వెనక బల్లి. ముగ్గురమూ క్షేమమే. అక్కడ కూనూరు చలిలో నువ్వూ, మదర్ గారూ, నీతో పాటు శిక్షణలో ఉన్న పిల్లలూ బాగున్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోను ఉండదు, నెలకొక్క ఉత్తరమే అనే మీ మఠం నియమం విన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు అంత కోపం లేదు. ఫోనులో మాట్లాడింది పెట్టెయ్యగానే పోతుంది, ఉత్తరమైతే నెలంతా దిండు కింద ఉంటుంది.

నువ్వు అడిగినవాటికి వరుసగా చెప్తాను. తింటున్నాను. రెండు పూటలా జొన్నరొట్టె, పప్పో కూరో ఏదో ఒకటి. షుగరు మాత్రలు మానలేదు. మీ అమ్మ సమాధి దగ్గరికి పోయిన ఆదివారం పూజ అయ్యాక వెళ్ళి గడ్డి పీకి వచ్చాను. పక్క సమాధి వాళ్ళు మార్బుల్ వేయించుకున్నారు. పని బాగాలేదు, నేనైతే ఇంకా మంచిగా వేసేవాడిని అని మీ అమ్మ ఎస్తేరుతో చెప్పాను. బతికుంటే, నీకు లోకంలో ఎవరి పని నచ్చింది గనక అనేది.

ఇక నా అక్షరాల సంగతి. పోయిన రెండు ఉత్తరాల్లో వరుసలు కిందికి జారిపోతున్నాయి, ఒంట్లో బాగుందా అని అడిగావు. ఆ టేబులు ఒక కాలు పొట్టిదని పోయిన ఉత్తరంలోనే రాశాను కదా బిడ్డా, అట్ట మడిచి పెట్టినా ఊగుతుంది. ఈసారి చూడు. ముప్పై ఏళ్ళు గోడలు కట్టిన మేస్త్రీ చెయ్యి ఇది. ఒక్క వరుసన్నా జారిందా?

టీవీ కొన్నావా, ఇంకా చూస్తూనే ఉన్నావా అని వెక్కిరించావు. చూస్తూనే ఉన్నాను. మన పాత టీవీ ఏప్రిల్లో పోయిందని తెలుసు కదా. ఇంట్లో మనిషి గొంతన్నా వినబడాలి, కొత్తది తీసుకో నాయినా అని నువ్వే మూడు ఉత్తరాల్లో రాశావు. నిజమే. సాయంత్రం ఆరు దాటితే ఈ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఒక్కోసారి కుక్కర్ కూత వేస్తే ఎవరో పిలిచారనుకుంటాను.

అందుకని ఆదివారం ఆదివారం మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, రోడ్డు మీదున్న ఒక టీవీల షాపుకి పోతున్నాను. నాకు తగినవి రెండు తేలాయి. రెండూ నలభై మూడు అంగుళాలవే, ధరలోనూ పెద్ద తేడా లేదు. వెండి అంచుదానిలో బొమ్మ బాగుంటుంది. పక్కకు కూర్చున్నా రంగు మారదు, చర్మం చర్మంలాగే కనబడుతుంది. నల్ల అంచుదానిలో రంగులు కాస్త పెళ్ళి వీడియో లాగా ఉంటాయి గానీ శబ్దం గట్టిది, రిమోట్‌లో నోటితో చెప్తే చాలు చానెల్ అదే పెడుతుంది. మాట్లాడితే వినేదొకటి ఇంట్లో ఉంటే మంచిదే కదా అని దానివైపూ మనసు లాగింది.

అక్కడ అమ్మేది ఉపేంద్ర గారని ఒకాయన. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న. ఓపిక ఎక్కువ. జులైలో వెండి అంచుదే ఖాయం చేసి బిల్లు రాయమన్నాను. ఆయన పుస్తకం తెచ్చేలోపు వార్తల చానెల్ అడుగున అక్షరాలు పరుగెత్తే పట్టీ చూశాను. మధ్యకి వచ్చేసరికి అది బట్టలారేసిన తాడులాగా కిందికి వంగింది.

"ఏంది సార్ గిది, గీత వంకరున్నది. పాడైన పీసు నాకు అంటగడ్తున్నరా?" అన్నాను.

"లేదండీ, నేరుగానే ఉంది కదా," అన్నాడాయన.

"ముప్పై ఏండ్ల సంది గోడలు కడ్తున్న. ఏది నేరుగున్నదో ఏది వంకరున్నదో నాకు మీరు చెప్తరా?"

షాపులో జనమంతా తిరిగి చూశారు. టీవీ కొనడానికి వచ్చిన ఒక జంట మెల్లగా బయటికి జారుకున్నారు. నీకు తెలుసుగా నా గొంతు. ఆయన నొచ్చుకోకుండా గోడౌన్ నుంచి పెట్టె తెప్పించి కొత్తది తెరిచి పెట్టాడు. అందులోనూ వంకరే. నల్ల అంచుదానిలో చూశాను. అందులోనూ వంకరే.

అప్పుడు ఉపేంద్ర గారు నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, "సుందరయ్య గారూ, ఒకసారి కుడి కన్ను మూసుకుని చూడండి," అన్నాడు.

మూశాను. గీత దారం లాగినట్టు నేరుగా ఉంది. ఎడమ కన్ను మూసి చూస్తే మళ్ళీ వంగింది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైందండీ. ఆలస్యం చేయకండి," అన్నాడు.

ఇదంతా నీకు రాయకూడదనుకున్నాను బిడ్డా. ఇక్కడిదాకా వచ్చాక ఆగలేకపోయాను.

దవాఖానకు పోయాను. షుగరు వల్ల కుడి కంటి వెనక పొరలో నీరు చేరిందట. ఎడమదానికి ఇంకా పెద్దగా ఏమీ కాలేదు. కంట్లోకే సూది వేస్తారు, నెలకొకటి చొప్పున మూడు వేస్తే చాలావరకు నేరుగా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆలస్యమైతే మాత్రం మాట ఇవ్వలేను అంది. నేను వేళ్ళు లెక్కపెట్టాను. డిసెంబరు ఎనిమిదిన నీ మాటపట్టు, నువ్వు సిస్టరువయ్యే రోజు. జులైలో మొదలుపెడితే అప్పటికి ఎప్పుడో అయిపోతుంది, నువ్వు పీఠం ముందు నిలబడి మాట ఇచ్చేటప్పుడు నీ ముఖం నేరుగా చూస్తాను అనుకున్నాను. ఇప్పుడు మీ అమ్మ ఫోటో చూస్తే ఆమె ముక్కు ఒక పక్కకి పోయినట్టు కనబడుతోంది. నిన్ను అట్లా చూడటం నాకు ఇష్టం లేదు.

సూదికి భయపడలేదు. సూది గదికి ముందు ఒక నర్సమ్మ ఫారం పట్టుకుని కూర్చుంటుంది. "తోడు ఎవరొచ్చిన్రు?" అని అడిగింది. తోడు మనిషి సంతకం లేకుండా సూది వెయ్యరట, తర్వాత కంటికి కట్టు కట్టి పంపిస్తారు గనక. "బయట ఉన్నరమ్మా, పిలుచుకొస్త," అన్నాను. బయటికి వచ్చి గేటు దాటి బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఆగస్టులో మళ్ళీ పోయాను. మళ్ళీ అదే మాట చెప్పి మళ్ళీ వచ్చేశాను. ఇన్నేళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు కట్టానో లెక్కలేదు, ఒక పూట నా పక్కన కూర్చోమని ఎవరిని అడగాలో తెలియలేదు. కొందరిని అడగడానికి సిగ్గు, కొందరి నంబర్లు కూడా లేవు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మదర్ గారు చదివినా పర్వాలేదు. ఆగస్టులో ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాశాను. కన్ను పోతోంది, వచ్చెయ్ అని రెండు ముక్కలే రాశాను. అది చదివితే నువ్వు మాటపట్టు వదిలేసి మరునాడే రైలెక్కుతావని తెలుసు, తెలిసే రాశాను. కవరు అంటించి పోస్టాఫీసు దాకా పోయాను. అక్కడ డబ్బా ముందు నిలబడితే దాని అంచు వంకరగా కనబడింది, చేతిలో ఉన్న ఉత్తరం అంతకన్నా వంకర అనిపించింది. చించేసి, టేబులు కాలు పొట్టిదని వేరే ఉత్తరం రాసి పంపాను. టేబులు కాళ్ళు నాలుగూ బాగానే ఉన్నాయి. అబద్ధం చెప్పినందుకు నన్ను క్షమించు.

టీవీ కొనడం ఇంత ఆలస్యం ఎందుకంటే, కొనేస్తే ఆ షాపుకి పోవడానికి నాకు పని ఉండదు. ఉపేంద్ర గారు టీ తెప్పిస్తాడు, రెండు టీవీలూ పెడతాడు, సూది వేయించుకున్నారా అని అడుగుతాడు. "మా బిడ్డ ఒచ్చినంక," అంటూ వచ్చాను. ఇవ్వాళ ఆయన రిమోటు పక్కన పెట్టేశాడు.

"మీ అమ్మాయి మఠం దాటి రాదని మీరే చెప్పారు కదండీ. బుధవారం నాకు సెలవు. నేను వస్తాను."

"ఫారంల ఏమైతరని అడుగుతరు సార్."

"టీవీలమ్మేవాడినని రాయండి. ఇంక ఏ షాపులోనూ గొడవ పెట్టుకోకుండా చూస్తానని పూచీ ఇస్తాను."

బుధవారం పోతున్నాము. తర్వాత అక్టోబరులో ఒకటి, నవంబరులో ఒకటి. నీ రోజుకి సరిగ్గా అందుతుంది. టీవీ మాత్రం అప్పటిదాకా అమ్మనన్నాడు, ఇప్పుడిస్తే మళ్ళీ వంకర అని మీదికి వస్తారు అని నవ్వాడు. వెండి అంచుదే పక్కన పెట్టమని చెప్పాను. పదిమందిలో దాని పరువు తీసింది నేనే కదా. ఈ రెండు నెలలు మెట్రో స్టేషన్ టైల్స్ వేసినవాళ్ళనీ, మన గల్లీలో ప్రహరీ కట్టిన అంతయ్యనీ కూడా మనసులో నానా మాటలు అన్నాను. పాపం, వాళ్ళ పని నేరుగానే ఉండి ఉంటుంది.

చివరగా ఒక సంగతి. ఈ ఉత్తరం వరుసలు చూసి నాయిన బాగున్నాడని నువ్వు అనుకోవాలనే మొదలుపెట్టాను. గోడకి కట్టినట్టు కాగితానికి అటూ ఇటూ రెండు మేకులు కొట్టి దారం కట్టుకున్నాను. దాన్ని వేలితో తడుముతూ ఒక్కో వరుసా రాసి, కాగితాన్ని పైకి జరుపుకుంటూ వచ్చాను. నేరుగా ఉన్నది దారం, నా కన్ను కాదు. ఇప్పుడు దారం తీసేస్తున్నాను. ఇక్కడి నుంచి ఎట్లా వస్తే అట్లా చదువుకో.

నువ్వు రావద్దు. నీ మాట నువ్వు ఇవ్వు, నేను వచ్చి ముందు వరుసలో కూర్చుంటాను. కానీ బుధవారం ఆ నర్సమ్మ తోడు ఎవరని అడిగినప్పుడు నీ పేరు చెప్పాలని నాకు చాలా ఉంది బిడ్డా.

ఇట్లు,
నీ మీదే కన్ను పెట్టుకున్న
మీ నాయిన,
సుందరయ్య