ఇన్‌స్పెక్టరు తప్పు చేసిన ఆదివారం

1987 ఆగస్టు 2, ఆదివారం

మళ్ళీ నలభై మంది. తొమ్మిదిన్నరకే గడప ముందు చెప్పుల కుప్ప. ధర్మవరంలో ఈ వీధికంతా టీవీ మా ఇంట్లోనే కాబట్టి ఆదివారం పొద్దున ఇల్లు నాది కాదు. హిందీ టీచర్ని కాబట్టి నోరూ నాది కాదు. హిందీ సీరియల్లో ఇన్‌స్పెక్టరు ఒక ముక్క అనగానే తలలన్నీ నా వైపు తిరుగుతాయి. "ఏమన్నాడు టీచరమ్మా?"

దొంగ చెంప పగిలినప్పుడు మాత్రం ఎవరికీ తెలుగు అక్కర్లేదు. చప్పట్లు.

ఆ గంటసేపు వీధిలో ఒక్క మగ్గం చప్పుడు ఉండదు. పండక్కి కూడా ఆపరు వీళ్ళు మగ్గం.

ఆగస్టు 5

మబ్బు పట్టింది. పోయింది. అంతే.

ఆగస్టు 9, ఆదివారం

ఈ వారం కథ — ముసలావిడను ఎవరో చంపి నగలు పట్టుకుపోయారు. ఇన్‌స్పెక్టరు ఇంటి పనివాణ్ణి పట్టుకుంటాడు. కొడతాడు. (మావాళ్ళ ఈలలు.) పనివాడు లాకప్పులో ఉరేసుకుంటాడు. ఆ తర్వాత తెలుస్తుంది, చంపింది సొంత కొడుకని. ఇన్‌స్పెక్టరు పనివాడి గుడిసెకు పోతాడు. టోపీ తీసి వాడి పెళ్ళాం ముందు నిలబడతాడు. "తప్పు చేశాను" అంటాడు. అయిపోయింది.

తెలుగులో చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

సావుకారు నారాయణప్ప లేచాడు. మా ఆయన గుమాస్తాగా చేసేది ఆయన పట్టుచీరల అంగట్లోనే, అందుకే మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ ఆయనకే.

"సరిగ్గ చెప్పు టీచరమ్మా. మన ఇన్‌స్పెక్టరు తప్పెట్ల జేస్తాడు?"

"అదే అన్నాడు సావుకారూ."

"నీకే హిందీ సరిగ్గ రాదేమో!"

పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. మా ఆయన నేల చూపులు.

వెనక గోడకు ఆనుకున్న లక్ష్మీదేవి ఒక్కతే లేవలేదు. టీవీ కట్టేశాక కూడా ఆ నల్లటి తెరనే చూస్తూ…

ఆగస్టు 10

కొళాయి దగ్గర రెండు పార్టీలు. ఒకావిడ రాత్రి అన్నం తినలేదట, ఆ పనివాడి పెళ్ళాన్ని తలుచుకొని. ఇంకొకావిడ — "తప్పు జేయనోడు ఉరేసుకుంటాడా యాడన్నా?" బిందెడు నీళ్ళకు జుట్లు పట్టుకునే మనుషులు. ఇప్పుడు న్యాయాధిపతులు!

బడిలోనూ అదే. లెక్కల మాస్టారు ఆ సీరియల్ ఇక చూడడట. ఇన్‌స్పెక్టరు పరువు పోయిందట. వేషగాడికి పరువు!

ఆగస్టు 11

సావుకారు వచ్చి కూర్చున్నాడు. టీవీవాళ్ళకు జాబు రాయాలట, నేనే, హిందీలో.

"గట్టిగ రాయి. మా ఊర్లో అందరికీ మనసు కష్టమైందని రాయి. వచ్చే వారం ఆ పనివాడే దొంగని చూపియ్యమను."

చచ్చినవాణ్ణి మళ్ళీ దొంగను చేయాలట. ఒక్క వ్యాకరణ దోషం లేకుండా రాసి ఇచ్చాను. అదీ నా చదువు.

ఆగస్టు 13

ఈసారి లక్ష్మీదేవి. కొంగులో చుట్టి ఇన్‌లాండు కవరు తెచ్చుకుంది. జాబు ఆ ఇన్‌స్పెక్టరుకేనట.

"రాయి టీచరమ్మా. మూడేండ్ల కింద సావుకారు అంగట్లో జరీ పోయిందని ఆడ పనిజేసే మా ఇంటాయన ఓబులేసును టేషన్లో పెట్టి కొట్టినారు. యిడిసిపెట్టినాంక ఊర్లో తల ఎత్తుకోలేక యాడికో పోయినాడు. జరీ ఎవురు తీసినారో నువ్వొచ్చి కనుక్కో సారూ. కనుక్కొని నా ముందర గూడా టోపీ తీయమను ఎవురో ఒకర్ని."

నవ్వొచ్చింది. "ఆయన నిజం పోలీసు కాదు లక్ష్మీదేవీ. వేషం."

"తెలుసులే. రాయి."

రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. అంతసేపూ నా మొహమే చూసింది, కవరు చూడలేదు.

ఆమె పోయాక కూడా కలం పట్టుకునే కూర్చున్నాను. ఓబులేసు మూటతో అంగడి వెనక వాకిలి నుంచి పోవడం చూశానని చెప్పింది నేనే. వీధికంతా తెలుసు. వీధికి తెలియనిది ఒకటుంది. నేను చూసింది వీపు. తలమీద తువాలు. మొహం చూడలేదు. "ఓబులేసే కదమ్మా?" అన్నాడు సావుకారు. ఔనన్నాను. మా ఆయన ఆ అంగట్లో చేరి అప్పటికి నెల కాలేదు.

మూడేళ్ళలో ఈ మాట ఇక్కడ కూడా రాసుకోలేదు. సావుకార్ని వెక్కిరించడానికి మాత్రం పేజీలు పేజీలు.

ఆగస్టు 15

బడిలో జెండా. పిప్పరమెంటు బిళ్ళలు పంచాం. తల నొప్పి.

ఆగస్టు 16, ఆదివారం

ఇవాళ్టి కథలో ఇన్‌స్పెక్టరు ఇద్దరు దొంగల్ని పట్టుకున్నాడు. ఇద్దరూ నిజం దొంగలే. జనం మొహాల్లో ప్రాణం వచ్చింది. సావుకారైతే కుర్చీలో నిలవడం లేదు. "చూసినారా! నా జాబు పనిచేసింది!" ఆ జాబు ఇంకా గుంతకల్లు కూడా దాటి ఉండదు. అయినా అందరూ ఔనన్నారు. ఒకడు దండం కూడా పెట్టాడు.

సావుకారు అక్కడితో ఆగి ఉంటే… ఆగలేదు. "పనోళ్ళను నమ్మగూడదప్పా. మా ఓబులేసును జూడలా?"

గోడ దగ్గర లక్ష్మీదేవి. నా వైపే చూస్తోంది.

లేచి టీవీ కట్టేశాను. కథ ఇంకా ఐదు నిమిషాలుంది.

"కరెంటు పోయిందా?"

"నేనే ఆపినాను. సావుకారూ, ఆ పొద్దు నేను చూసింది వీపు. మొహం చూడలేదు. ఓబులేసని మీరన్నారు, నేను ఔనన్నాను. ఎవరో నాకు తెలీదు."

టీవీకి అడ్డంగా నిలబడే ఉన్నాను.

తర్వాత ఎవరో వెనకనుంచి — "సరేలేమ్మా, టీవీ పెట్టు మల్ల. అయిపోతాది."

అదీ మా వీధి.

సావుకారు నన్ను చూడలేదు, మా ఆయన్ని చూశాడు. "రేపట్నుంచి అంగడికి రావద్దులేప్పా." చెప్పులు వెతుక్కొని పోయాడు.

లక్ష్మీదేవి దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. సిగ్గు లేక అనుకున్నాను.

"మూడేండ్లు, టీచరమ్మా."

అంతే. పోయింది.

ఆగస్టు 17

మా ఆయన ఇంట్లోనే. కాఫీ చల్లారిపోయింది, తాగలేదు. బడికి పోతుంటే కొళాయి దగ్గర ఆడవాళ్ళు గమ్మునైపోయారు. నేను దాటాక మొదలు. ఇప్పుడు నా మీద కూడా రెండు పార్టీలు కాబోలు.

సాయంత్రం లక్ష్మీదేవి. లోపలికి రాలేదు.

"మా ఆయన మొలకాల్మూరులో మగ్గం నేస్తాండాడంట, నిన్న రాత్రి ఎవురో చెప్పినారు. రేపు పొద్దున ఆరింటికి కళ్యాణదుర్గం బస్సు. ఆడ మారల్ల. నువ్వు గూడా రావల్ల. నేను చెప్తే నమ్మడు."

"రేపు బడి ఉంది…"

"'టీచరమ్మ అబద్ధం ఎందుకు చెప్తాది' అన్నారు అందరూ. అది ఇనే పోయినాడు ఆయన."

లోపలినుంచి మా ఆయన గొంతు, నిన్నటినుంచి మొదటి మాట. "పోయి ఏమని చెప్తావు ఆ మనిషికి?"

పెద్ద టీచరుకు సెలవు చీటీ రాశాను. పక్కింటి అమ్మాయి చేతికి ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు.

పోయేటప్పుడు లక్ష్మీదేవి వస్తావా అని అడగలేదు. మెట్లు దిగుతూ ఒక్కసారి తిరిగి చూసింది.

"బస్సు నిలబడదు. టయానికి రా."