కొసరు వేయకూడని చెంచా

నాయినా,

నువ్వు చూడని నీ మనవరాలికి ఐదో నెల నడుస్తోంది. నా సెలవు అయిపోయి ఇవాళే మళ్లీ ఆఫీసుకు బయల్దేరాను. పొద్దున నల్లగండ్లలో మా వంటింటి కిటికీ దగ్గర, ఎండలో పాలపొడి పొగమంచులా లేస్తుంటే, లింగంపల్లిలో మన కిరాణా కొట్టు కళ్ల ముందు తేలింది. తక్కెడ సమంగా నిలిచాక కూడా నువ్వు కందిపప్పు మీద ఇంకో పిడికెడు పోస్తున్నావు.

అమ్మ కాచిన నీళ్లు సీసాలో పోసి, డబ్బాలోని చెంచాతో పొడి తీసింది. చెంచా మీద చిన్న గుట్ట.

"అమ్మా, డాక్టర్ ఏం చెప్పిండు? చెంచాకు సమానమే ఉండాలె. ఎక్కువైతే పాప కడుపు గట్టిపడ్తది."

"జరంతనే కద బిడ్డా. కొసరు వెయ్యకుంటె మీ నాయిన ఊకుంటడా?"

కత్తి వీపుతో ఆ గుట్టను నేనే చదును చేశాను. నీ చెయ్యి పట్టుకుని ఆపినట్టే అనిపించింది.

అమ్మ పాలు కలిపి, సీసాను కుళాయి కింద చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుంది. పాప తాగాక భుజాన వేసుకుంది. తేన్పు వచ్చింది. అయినా దించలేదు.

"తేన్పొచ్చింది కదమ్మా, ఇగ పండబెట్టు."

"ఇది కొసరు," అంది అమ్మ, కళ్లు మూసుకుని మెల్లగా ఊగుతూ. "దీనికి డాక్టర్ కొలత చెప్పలే కద."

కింద ఆటో ఎదురుచూస్తోంది. చెప్పులు వేసుకున్నాక కూడా నేను ఇంకాసేపు గుమ్మంలోనే నిల్చున్నాను.